ఎనిమిదిలోపు

ఎనిమిదింటికి కరెంటు పోతుంది.
ఇవాళ మా వీధి వంతు.
చేపల ఫ్యాక్టరీ నుంచి ఇల్లు చేరేసరికి ఏడూ పది.
రోజంతా హేక్ చేపల పొట్టలు చీల్చిన చేతులు,
నిమ్మచెక్కతో ఎంత రుద్దినా వాసన వదలవు.
ఇంట్లో మాత్రం చేప వండను, ఒట్టు.
కోడే.

యుమ్నా లెక్కల పుస్తకం ముందేసుక్కూర్చుంది.
"ఎంతసేపమ్మా?"
"నీ లెక్క తేలేలోపు."
"అయితే తెల్లారుతుంది" అంది.

ఆరు తొడ ముక్కలు.
ఉప్పు, మిరియాలు అద్ది
చర్మం కిందికి ఉండేలా ఇనప పెనం మీద పరిచాను.
నూనె అక్కర్లేదు, దాని కొవ్వే దానికి చాలు.
కేప్‌టౌన్ ఆగ్నేయపు గాలి కిటికీ రెక్కను బాదుతోంది
అప్పులవాడిలా.
చుయ్ మంది మొదటి ముక్క.
ఆ ఒక్క చప్పుడుకి
పొద్దుట్నుంచీ బిగుసుకున్న మెడ నరం కాస్త సడలింది.

వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చెంచాడు ఆవముద్ద,
వెనిగర్, ఎండుమిరప పలుకులు.
ఇక ఆప్రికాట్ జామ్.
పోయిన డిసెంబరులో మోంటగూ నుంచి పెట్టెడు పళ్లు తెచ్చి
నేనే కాచాను. ఇదే ఆఖరి సీసా.

మూత రాలేదు.

వేడినీళ్ల కింద పెట్టాను.
చెంచాతో అంచు చుట్టూ కొట్టాను.
తువ్వాలు చుట్టి తిప్పాను, తలుపు సందులో ఇరికించి తిప్పాను,
యుమ్నా తిప్పింది, ఇద్దరం కలిసి తిట్టాం.
ఉడుంపట్టు.
చక్కెర పోసింది నేనే, పంతమూ నాదే వచ్చినట్టుంది దానికి.
ఏడూ ముప్పైనాలుగు.

పక్కింట్లో లైటు వెలుగుతోంది.
అడోనిస్ గారు. పావురాలు పెంచుతాడు.
ఆరేసిన నా తెల్ల దుప్పట్ల మీద వాటి రెట్టలు పడ్డప్పట్నుంచీ,
అంటే మార్చి నుంచీ, మాకు మాటల్లేవు.
నేను గోడ మీద మూడు వరసల ఇటుకలు కూడా పేర్పించాను,
పావురాలకి రెక్కలుంటాయని అప్పుడు గుర్తు రాలేదు.

పొయ్యి తగ్గించి, చెప్పుల్లేకుండానే వెళ్లాను.
తలుపు తీశాడు. సీసా చాపాను.
సలాం లేదు, హలో లేదు.
ఓడల రేవులో నలభై ఏళ్లు బోల్టులు తిప్పిన చేతులు.
ఒక్క మెలిక.
టక్.

నిరుటి ఎండ వాసన గుప్పుమంది
మా ఇద్దరి మొహాల మీదా.
ఎటు చూడాలో తెలియక ఇద్దరం సీసాలోకే చూశాం.
"చక్కెర. మాడుద్ది, చూసుకో" అన్నాడు చివరికి,
తలుపేసుకుంటూ.

జామ్ పెనంలో పడి కరిగింది, ఉడికింది, బుడగలొచ్చింది.
తీగపాకం దాకా రానివ్వాలి, దాటనివ్వకూడదు.
ముక్క తిప్పడం, గరిటెతో పైన పోయడం, మళ్లీ తిప్పడం.
ఒక మూల మాడనే మాడింది.
ఆయన మాటే నెగ్గింది.

ఏడూ యాభై ఎనిమిదికే పోయింది కరెంటు.
వాళ్ల గడియారాలు ఎప్పుడూ అంతే.
చీకట్లో పెనం ఇంకా చిటపటమంటోంది.
పొయ్యి చుట్టలో ఎరుపు మెల్లమెల్లగా ఆరుతూ
చివరి పూత అదే పట్టించింది.
కొవ్వొత్తి తెస్తే,
అప్పుడే తోమిన రాగిలా మెరిశాయి ముక్కలు.

"ఆరు ముక్కలు, ఇద్దరం, మూడేసి.
ఈ పూటకి తేలిన లెక్క ఇదొక్కటే"
వేళ్లు నాకుతూ అని
యుమ్నా నాలుగోది తీసుకుంది.

తిన్నాక సీసా మూయబోతే మూత లేదు.
పొయ్యి దగ్గర లేదు, బల్ల కింద లేదు.
ఆయన చేతిలోనే ఉండిపోయింది.

సాసరు బోర్లించాను ప్రస్తుతానికి.
అడుగున రెండు చెంచాల జామ్ ఉంది,
చీమలు పసిగట్టేలోపు
ఎవరో ఒకరు తలుపు కొట్టాలి.