తూకం బల్ల

మా ఊరికి రెండు నెలలు ఎండ రాదు.
పదకొండింటికి కొండ వెనకాల ఏదో తెల్లబడుతుంది,
రెండింటికల్లా విరమించుకుంటుంది.
నేను చేపల ఫ్యాక్టరీలో తూకం దగ్గర నిలబడతాను.
కాడ్ చేపలు, తల తీసినవి, తీయనివి,
కిలో నూట నలభై, రెండు కిలోల ముప్ఫై,
నా ముందు నుంచి తడితడిగా జారిపోతాయి.
తన బరువుకి సిగ్గుపడ్డ చేపని
పందొమ్మిదేళ్ళలో ఒక్కదాన్నీ చూడలేదు.

ఇంట్లో తూకం మిషను నన్ను లెక్కపెట్టడం మానేసి ఏడాది.
నూట యాభై దాటితే దానికి మాట రాదు,
ఏదో ఒక్క అక్షరం చూపించి ఊరుకుంటుంది.
అందుకని నవంబరులో ఒక రాత్రి
అందరూ వెళ్ళిపోయాక
పెట్టెలు తూచే ఇనప బల్ల ఎక్కాను,
రబ్బరు బూట్లు విప్పి, మేజోళ్ళతో.
చలి అరికాళ్ళ నుంచి పళ్ళ దాకా పాకింది.
నూట అరవై మూడు కిలోల నాలుగు వందలు.
అలవాటు కొద్దీ అది చీటీ కూడా అచ్చేసింది:
తేదీ, వేళ, బరువు.
సరుకు రకం అన్నచోట ఖాళీ.

ఆకలి రుచెరగదంటారు.
నాది ఆకలి కాదు. ఆకలైతే కంచం దగ్గర ఆగేది.
ఇది ఎనిమిదిన్నరకి వస్తుంది,
పైవాటా ముసలాయన టీవీ కట్టేసిన చప్పుడు విని.
ముందు మర్యాదగానే,
ఒక ముక్క రై రొట్టె, కాస్త వెన్న.
తర్వాత రొట్టంతా.
తర్వాత ఫ్రీజరులో రాయైపోయిన రొట్టె,
కరిగేదాకా ఆగలేక, చిగుళ్ళు చిట్లుతున్నా.
అతిమధురం చాక్లెట్లు, అక్క కొడుక్కి కొన్న బిస్కెట్లు,
ఉడకని కేకు పిండి,
చెంచా కూడా కాదు, వేళ్ళతో.
నములుతున్నంతసేపూ లోపల ఎవరూ మాట్లాడరు.
నేను కొనుక్కునేది అదొక్కటే, ఆ ఊరుకోవడం.
పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు.
ఆపైన అందరూ ఒక్కసారే మొదలెడతారు.

కాగితాలూ రేపర్లూ
నాన్న పాత పడవ బూట్లలో కుక్కుతాను.
ఆయన పోయినా బూట్లు నిండుగానే ఉంటాయి.

డాక్టరు మంచివాడే.
తక్కువ తిను, ఎక్కువ నడువు అన్నాడు,
గుమ్మం ముందు మంచు తీసెయ్ అన్నట్టు.
నర్సు స్వన్‌ఫ్రిదుర్ వేరే మాట అడిగింది:
సరిగ్గా తినబోయే ముందు నిమిషం
ఏం జరుగుతుంది నీకు?
జవాబు చెప్పలేదు. ఏడవనూ లేదు.
ఆమె గడియారం వైపు చూడకపోవడం మాత్రం చూశాను.

జనవరి చివర ఎండ కొండ దాటే రోజున
ఊళ్ళో అందరూ కాఫీ కాచి పల్చని అట్లు పోస్తారు.
ఏటా అదే అబద్ధం నాది: వద్దు, ఇప్పుడే తిన్నాను.
ఏటా ఇంటికెళ్ళి, తలుపేసుకుని, పద్దెనిమిది.

ఈసారి మబ్బు. ఎండ రాలేదు.
అట్లు మాత్రం వచ్చాయి.
ఫ్యాక్టరీ భోజనాల గదిలో బొజెనా
నా ముందుకి పళ్ళెం తోసింది, నా మొహం చూడకుండా,
జీతం పెంచని మేనేజరుని తిడుతూనే.
తీసుకున్నాను. మడిచాను. కొరికాను.
పదిమంది కళ్ళ ముందు నా దవడ కదిలింది,
పైకప్పు కూలలేదు.
రూబార్బ్ జాము పుల్లగా ఉంది.
అట్టుకి ఒక రుచంటూ ఉంటుందని
నలభై ఒకటో ఏట తెలిసింది.

ఆ రాత్రి మళ్ళీ జరిగింది. దాచడమెందుకు.
కానీ రేపర్లు బూట్లలోకి పోలేదు,
తెల్లారేదాకా బల్ల మీదే పడి ఉన్నాయి.
చేపల్ని లెక్కించినట్టు లెక్కించాను.
పదకొండు.
సిగ్గు పోయిందనను. పక్కనే కూచుంది,
నాతోపాటే లెక్కించింది.

తొమ్మిదింటికి ఫోను చేశాను.
స్వన్‌ఫ్రిదుర్, ఆ ముందు నిమిషం గురించి, అన్నాను.
అక్కడితో ఆగిపోయాను. ఆమె తొందరపెట్టలేదు.
కాగితం కోసం వెతికితే పర్సులో ఆ చీటీయే దొరికింది.
వెనక్కి తిప్పి రాసుకున్నాను:
గురువారం, రెండున్నర.