తలకొట్టు కొలత

ఫిబ్రవరి నెల. వేవ్నీ నది ఒడ్డున ఇంకా మంచు.
లండన్‌లో రాజు తల కొట్టేశారన్న కబురు
బార్లీ బండెక్కి మా ఊరికొచ్చింది,
బస్తాల మధ్య, కాస్త తడిసి.

మా నాన్న ఒబదయా క్రిక్‌మోర్, కంచరి.
మూడోనాడు సంత అధికారి వచ్చి
ఊరి కుంచాన్ని బల్ల మీద పెట్టాడు.
"దీని మీది కిరీటం గీకెయ్."
కాగితం చూపించాడు. దాని మీద ముద్ర లేదు.
"కొత్త ముద్ర ఇంకా తయారవలేదు" అన్నాడు,
నేలచూపులు చూస్తూ.

నాన్న ఆకురాయి తీశాడు. నేను దీపం పట్టాను.
నాకప్పుడు పదకొండేళ్ళు.
ముందు పైనున్న శిలువ పోయింది,
తర్వాత ముత్యాలు, ఒక్కొక్కటీ,
చివరికి కింది పట్టీ.
ఇత్తడి రజను నా ఒళ్ళో రాలింది.
దులుపుకోవచ్చో లేదో తెలియలేదు.

శనివారం సంతలో ఎవరూ ముందుకు రాలేదు.
అరుగు మీద కుంచం బోసిగా కూర్చుంది.
"అది దేవుడిచ్చిన కొలత,
మనుషులు గీకితే చెల్లదు" అన్నాడు పాదిరి.
యుద్ధం నుంచి కుంటుతూ తిరిగొచ్చిన జెర్విస్ ఆల్డస్
"మనమంతా ఒప్పుకుంటే
చెట్టు తొర్రయినా కుంచమే" అన్నాడు.
"ఒప్పుకోమని నన్నెవడడిగాడు?" అంది థామసిన్ పెక్.
"పన్ను వేసినప్పుడు అడగలేదు.
మా ఆయన భుజాన తుపాకీ పెట్టినప్పుడు అడగలేదు.
ఆయన లేడని చెప్పడానికైనా
ఎవడూ గడప తొక్కలేదు."
పాదిరి జెర్విస్ వైపు చూశాడు.
జెర్విస్ తన కుంటికాలు వైపు చూసుకున్నాడు.

ఆమే వంగి కుంచం ఎత్తింది.
లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమింది,
పిండి పదును చూసినట్టు.
"పోయవయ్యా, అందరి కళ్ళముందూ."
వర్తకుడు గింజలు కుప్పగా పోసి
కర్రతో అంచువెంట తలకొట్టాడు.
ఆ చప్పుడుకి సంత సంతంతా
ఒక్కసారి మెడలు తడుముకుంది.
అప్పుడు వరస కట్టారు.

పదకొండేళ్ళు ఆ బోసి కుంచంతోనే తిన్నాం.
మోసాలు జరగలేదని అబద్ధం చెప్పను.
కానీ కొలిచేటప్పుడు జనం చుట్టూ నిలబడేవాళ్ళు.
నిలబడడం అలవాటైంది.

ఆపైన గంటలు మోగాయి.
తెగిన తల తాలూకు కొడుకు ఓడ దిగాడు.
అదే అధికారి, జుట్టు నెరిసి.
అదే కుంచం, అదే బల్ల.
ఈసారి కాగితం మీద ముద్ర ఉంది, అరచెయ్యంత.
నాన్నకి చూపు తగ్గింది. ఉలి నేను పట్టాను.
గీకిన చోట ఇత్తడి పలచబడిపోయి
ఎంత మెల్లగా కొట్టినా
ప్రతి ముత్యానికీ లోపల ఒక పొక్కు లేచింది,
చుట్టూ రేకంతా లోపలికి వంగింది.
కిరీటం మాత్రం బాగానే వచ్చింది.
బయటినుంచి చూస్తే.

శనివారం థామసిన్ చెయ్యి పెట్టి చూసింది.
ఏమీ అనలేదు.
ఇంటికెళ్ళి తన గిన్నెతో మళ్ళీ కొలుచుకుందట.
మర్నాడు చర్చి గుమ్మంలో నా చెవిలో చెప్పింది:
"కిరీటం ఖరీదు పిడికెడు గింజలు తల్లీ.
అన్యాయంగా ఎందుకనాలి, ముప్పావు పిడికెడు."

లోపల పాదిరి రాజుగారి కోసం ప్రార్థన ఎత్తుకున్నాడు.
ఆమె పెదాలు కదులుతున్నాయి.
ఊళ్ళో ఎన్ని పొయ్యిలు,
ఏడాదికి ఎన్ని శనివారాలు,
లెక్క కడుతోందనుకుంటా.