మస్టరులో యోహాను

ఎండ ఇంకా రామతీర్థం కొండ దిగలేదు.
చీమకుర్తి రోడ్డు మీద బ్లాకుల లారీలు
ఒక్కోటీ ఒక్కో నల్ల ఏనుగుని మోసుకుని
మూలుగుతా పోతన్నాయి రేవు వైపు.
రాయికి పర్మిట్టుంది. అద్దానికి అంటించి మరీ ఉంది,
ఎన్ని టన్నులో, ఏ క్వారీదో, ఎన్నింటికి గేటు దాటాలో.

నేను టైమాఫీసులో కూర్చుని
గళ్ల పుస్తకంలో మనుషుల్ని సర్దుతన్నాను.

పదకొండింటికి లేబరాఫీసరు వస్తాడంట.
వందలో డెబ్బై ఐదు మనోళ్లే ఉండాలంట.
"మనోళ్లంటే ఎవురు సార్?" అన్నాను ఓనరుతో.
"ఆధార్‌లో ఈ జిల్లా ఉన్నోళ్లు" అన్నాడు,
టీ గ్లాసులో ఈగని వేలితో తీసేస్తా.

తప్పంతా ఆయనదేనని రాయను.
చైనావాడు మన రాయే కొనుక్కుపోయి
మనకన్నా చౌకగా నునుపు చేసి
మనం అమ్మబోయిన అంగట్లోనే అమ్ముతన్నాడు.
కరెంటు బిల్లొచ్చిన పూట ఓనరు అన్నం ముట్టడు.
పక్క షెడ్డుకి మూడేళ్లుగా తాళం,
లోపల రంపం బ్లేళ్లు తుప్పుపట్టి
ఎండిన వంజరం ముల్లులా కనపడతాయి కిటికీలోంచి.
"పోటీలో నిలబడాలమ్మా" అంటాడు.
పోటీ ఎవరితోనో నాకు కనపడదు.
నాకు కనపడేదల్లా కూలీ పట్టీ.

అసలు సంగతి చెప్తాను.
పాలిషింగ్ లైను మీద ఉండేవాడు ధనుర్జయ,
బలంగీర్ నించి మేస్త్రీ బాకీ మీద వచ్చాడు.
పుస్తకంలో వాడు లేడు.
పుస్తకంలో ఉంది పాలెపోగు యోహాను, బూదవాడ,
తండ్రి దానియేలు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.
యోహాను ఆధార్ నకలిచ్చి
నెలకి ఐదొందలు పట్టుకుపోతాడు. పనికి రాడు.
సోమరి అనుకోబాకండి.
వాళ్ల నాయన ఈ దుమ్ము మింగే దగ్గి దగ్గి పోయాడు.
ఈ కూలికి ఆ మిషను కాడ నిలబడనన్నాడు.
నిలబడేవాడు పన్నెండు గంటలు నిలబడతన్నాడు.

ధనుర్జయకి నేనే నేర్పాను,
"పిలిస్తే పలకాల. యో-హా-ను. ఆఁ సార్ అనాల."
వాడు ఆ పేరుని
వేడి దుంప తిన్నట్టు నోట్లో అటూ ఇటూ దొర్లించి
నవ్వాడు.

పదకొండుకి కాదు, ఒంటిగంటకి వచ్చింది జీపు.
ఆఫీసరుకి తొందర.
పెట్టుబడుల సభకి లెక్కలు సాయంత్రంలోగా పంపాలంట.
మిషన్లు ఆపించాడు. రంపాల మీద నీళ్లు మాత్రం ఆగలేదు.
పేర్లు చదవతన్నాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

"పాలెపోగు యోహాను!"

"ఆఁ సార్" పాలిషింగ్ లైను కాడ నించి.
"ఆఁ సార్" గేటు కాడ నించి.

గేటు కాడ అసలు యోహాను,
చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో వాళ్లమ్మ కాయితాలు.
ఇంట్లో ఒకరికి పీఎఫ్ పడతందని
సచివాలయంలో ఆమె పింఛను ఆపేశారంట.
అది అడగడానికి ఈ రోజే దొరికింది వాడికి.

ఆఫీసరు ఫోను దించాడు.
ఓనరు నా వైపు చూశాడు.
ధనుర్జయ తన బూట్ల వైపు చూశాడు, నల్ల బురదలో
బంగారపు నలకలు.

"ఒకడు పెద యోహాను సార్" అన్నాను,
"ఇంకోడు చిన యోహాను."

ఆయన కాసేపు నన్నే చూసి
డెబ్బై ఐదు కొట్టేసి డెబ్బై ఆరు వేసుకున్నాడు.
జీపు పోయింది.

సందేళ యోహాను మళ్లీ వచ్చాడు.
"నా పేరు తీసెయ్ అక్కా, అమ్మకి మాత్తర్లు లేవు" అన్నాడు.
వెనకాలే ధనుర్జయ, మాట అర్థమైందో లేదో,
ఆ కవరు వంక చూస్తా
చేతులు తుడుచుకుంటన్నాడు, తుడుచుకుంటనే ఉన్నాడు.

పేరు తీస్తే వీడికి లైను లేదు.
ఉంచితే ఆమెకి మాత్తర్లు లేవు.
పెన్ను పక్కన పెట్టి
ఆ పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాను.
రేపు ఆదివారం.