మిగిలిన టికెట్టు

ఖీవా కోట పడమటి గుమ్మం ఎదుట
బస్సు ఆపుకునే జాగా నాకు కొట్టినపిండి.
మధ్యాహ్నం రెండు దాటితే నీడ ఎటు జరుగుతుందో,
ఏ కొళాయి నీళ్ళు ఉప్పగా ఉండవో,
టీ కొట్టు కల్లిబెక్ ఏ వారం అప్పిస్తాడో
అన్నీ తెలుసు.
కోట మాత్రం తెలియదు.

పంతొమ్మిదేళ్ళుగా జనాన్ని ఇక్కడ దింపి
మళ్ళీ ఎక్కించుకుంటున్నాను.
లోపల ఏముందో వాళ్ళ ఒళ్ళే చెబుతుంది.
బూట్లకి పసుపు దుమ్ముంటే మట్టిగోడ ఎక్కారు.
మెడ రుద్దుకుంటూ వస్తే మీనారు చూశారు.
ఉత్తపుణ్యానికి గొంతు తగ్గించి మాట్లాడితే
చెక్క స్తంభాల మసీదులోంచి ఇప్పుడే బయటపడ్డారు.
అంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ణి.

ఇవాళ తెచ్చింది మా ఊరి బడిపిల్లల్ని.
మొయ్‌నాక్‌లో రాత్రి మూడింటికి బయల్దేరాం.
ముప్ఫై ఒక్కమంది, రెండు వాంతులు,
ఎక్కడో జారిపోయిన ఒక ఎడమకాలి చెప్పు.
జ్వరమొచ్చి ఆగిపోయిన అయ్‌బెర్గెన్ టికెట్టు
గుల్పర్షిన్ టీచరమ్మ చేతిలో మిగిలిపోయింది.
"దండగ చెయ్యలేను, మీరు రండి."
"బస్సెవరు చూస్తారు?"
"దీన్ని ఎవడెత్తుకుపోతాడు!"
ఆ మాటకి కొంచెం నొచ్చుకుంటూనే
వెనకాలే నడిచాను.

మీనారు సగంలోనే ఆగిపోయి ఉంది.
పొట్టిగా, లావుగా,
నీలం శాలువా బిగించి కూర్చుని
పెళ్ళివారి మీద అలిగిన మా పెద్దత్తలా.
కట్టించే ఖాను పోయాడట, పనీ ఆగిందట.
పూర్తికానిదాన్ని కూడా
ఇంత శ్రద్ధగా తుడుస్తారని నాకు తెలీదు.
ఆ నీలం మాత్రం ముందే తెలుసు.
ఎక్కడిదో గుర్తు చేసుకోవడం ఇష్టంలేక
పిల్లల్ని గదమాయించాను, వరసలో నడవమని.

మసీదులో చీకటి చల్లగా ఉంది.
పైకప్పు కంతలోంచి వెలుగు
చేద జారవిడిచినట్టు నిలువుగా దిగుతోంది.
రెండు వందల పైచిలుకు స్తంభాలు,
ఏ రెండూ ఒక్క పోలిక కావు.
ఒకదాని మొదట్లో చెక్కిన తీగ
ఎన్ని చేతులు తగిలాయో, నున్నగా అరిగిపోయింది.
నేనూ అరచెయ్యి ఆనించాను.
పాత పడవ అడుగుభాగం వాసన.
తారు వాసన ఒక్కటే తక్కువ.
మా నాన్న చివరిసారి పడవ ఒడ్డుకి లాగినప్పుడు
ఒడ్డు కదిలిపోతోందని తెలియక
మర్నాటికి కట్టు గట్టిగా వేశాడు.

సపర్‌బాయ్ గైడుని అడిగాడు:
"మా ఊళ్ళో ఇసుకలో ఓడలున్నాయి.
ఫొటోలకి ఎక్కడెక్కడినుంచో వస్తారు.
మరి వాటికి టికెట్టు లేదేం?"
పాపం, మంచి కుర్రాడు.
కట్టిన ఏడాది, కట్టినవాడి పేరు, చెక్క రకం
గుక్కతిప్పుకోకుండా చెప్పినవాడు
టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

తిరుగు దారంతా స్తంభాల తగువు.
ఒకడు రెండువందల పదకొండన్నాడు, ఒకడు పదహారు.
తాజాగుల్ మొండిగా పద్నాలుగే అంది.
పుస్తకంలో పదమూడే ఉందే అని టీచరమ్మ.
పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ
అద్దంలో నా కళ్ళలోకే చూసింది పిల్ల:
"చీకట్లో నువ్వు కదల్లేదు మామా.
నిన్ను కూడా లెక్కేసేశాను."
బస్సు బస్సంతా నవ్వింది.
గేరు మార్చాల్సిన చోట మార్చడం మరిచాను.

అర్ధరాత్రి ఊరి చివర మలుపులో
హెడ్‌లైట్లు ఓడల మీద పడ్డాయి.
తుప్పు, ఇసుక, గొలుసు,
ఎవరో సున్నంతో రాసుకున్న పేర్లు.
పుట్టి బుద్ధెరిగాక రోజూ చూస్తున్నవే.
ఎన్నున్నాయో ఏనాడూ లెక్కపెట్టలేదు.
ఇవాళా పెట్టలేదు.
ఇంజను ఆపకుండా, దిగి, కాసేపు నిలబడ్డాను.

పిల్లలందర్నీ ఇళ్ళ దగ్గర దింపేశాక
నా సీటు కిందే దొరికింది ఆ చెప్పు.