తుగ్గలిలో ఒక మిషను

ఉరుకుందప్ప సార్‌కు మాట పడిపోయిన పొద్దు
మా తొమ్మిది సొసైటీల బీగంచెవులు
ఆయన నాలుక కిందనే ఉండిపోయినాయి.

కర్నూలు బుధవారపేటలో, ఆయన మంచం పట్టె మీద కూర్చొని
ఒళ్లో కీబోర్డు పెట్టి చూసినా.
ఎడమచేతి వేళ్లు నాలుగు అక్షరాల దాకా నడిచి
ఐదోదాని దగ్గర
కొత్త దొడ్డి చూసిన ఎనుములా నిలబడిపోయినాయి.
ఆయన నవ్వినాడు, సగం మొహంతో.
"కూతురి పేరు కొట్టి చూసినావా నాయనా" అనింది ఇంటామె.
కొట్టినా. స్కూటరు నంబరు కొట్టినా.
ఈరన్నసామి పేరు మూడు స్పెల్లింగుల్లో కొట్టినా.

ఎనిమిదింటిని బస్సుల్లో తిరిగి దారికి తెచ్చుకున్నా.
ఆలూరు, దేవనకొండ, కోడుమూరు,
పోయినచోటల్లా ఒక పెన్‌డ్రైవు, ఒక నల్ల తెర, చల్లారిన టీ.
మిగిలింది తుగ్గలి.
రేప్పొద్దున ఆడ విత్తనకాయల పంపకం.
మృగశిర తొలి పదును పడింది.
సెక్రటరీ సెలవు చీటీ కూడా పెట్టకుండా
జొన్నగిరి చేలల్లోకి పోయినాడు, రాళ్లు ఏరేదానికి.

బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన పెన్‌డ్రైవును
ఆఫీసు ఊడ్చే భీమక్క తీసుకుంది.
"సదువు లేదు సారూ. బస్సు నంబరయితే చదువుతా."
"చాలక్కా."

కొయ్యకు కుడిపక్క రెండు కొమ్మలు, దాని పక్కన పన్నెండు.
"దొరికిండాది."
మిషను ఆర్పి వెలిగిస్తూనే కొట్టల్ల దాన్ని,
లోపలి మనిషి లేచేదాకా తలుపు కొట్టినట్టు.
"నల్లగయిపాయ సారూ. తెల్ల చీమలు పాకతాండాయి."

నా జేబులో ఆర్డరు కాయితం ఉంది,
తొమ్మిది ఊళ్ల పేర్లు, కింద గుండ్రటి సీలు.
తుగ్గలిలో ఒక్క మీటను కదిలించే బలం మాత్రం దానికి లేదు.
అది భీమక్క చూపుడువేలిలో ఉండాది.

"పంగలకర్ర ఒకటి ఉంటుంది చూడక్కా, నడుమ."
"పొద్దుగుంకేదాకా మెరుపు కోసం వంగి చూసిన కండ్లు సారూ,
ఇదెంతసేపు."
"ఏమన్నా దొరికిందా?"
"ముప్పయ్యేండ్ల నుంచీ ఏరతాండా. సీసాపెంకులు దొరికినాయి."
వంగిన బాణం నొక్కింది.

రాత్రి పదకొండున్నర. కర్నూల్లో నా తెర మీద
తుగ్గలి పక్కన ఎర్రచుక్క పచ్చగయింది.
మౌసు కదిలించినా.
"సారూ! ఈడ బాణం దానంతటదే తిరగతాండాది!"
"నేనేలే అక్కా."
"నువ్వా."
రోంతసేపు ఏమీ మాట్లాడలేదు.
"అంత దూరం నుంచి వచ్చినావు, కూర్చో మరి" అనింది.
కుర్చీ జరిపిన చప్పుడు ఫోనులో వినిపించింది.

పాత బీగం తీసి కొత్తది వేసినా.
ఇకమీద ఏ మిషను మాట దానిదే,
నెలకొకసారి మారిపోయే మాట,
ఏ ఒక్కరి నాలుక కిందా నిద్రపోకుండా
లక్క ముద్రేసిన కవర్లో, ప్రెసిడెంటు బీరువాలో.

"ఆఫీసు బీగంచెవి నేను దారవందం పైన పెడతా.
ఊరికంతా ఎరుకే, ఎవురూ ముట్టరు.
నువ్వు నీది యాడ పెట్టినావు?"
లక్క గురించి చెప్పబోయి ఊరకున్నా.

జాబితాలో ఇంకొక పేరు ఉంది. ఉరుకుందప్ప.
తీసేయమంటావా, అని అడుగుతాండాది మిషను.
పంగలకర్రా, కాదా.
రూలు నాకు తెలుసు. ఆడిటు ఏ తేదీనో కూడా తెలుసు.

"ఇంకేమన్నా నొక్కల్లా సారూ?"
"ఏం లేదక్కా. పోయి పండుకో."
తుగ్గలిలో లైటు స్విచ్చి టక్కుమనింది.
నా వేలు ఆ మీట మీదనే ఉండాది.