వాణిజ్యాన్ని తాకే రీతిలో

తీర్పు వచ్చింది. మూడొందల చిల్లర పేజీలు.
చిమల్‌తెనాంగో బస్టాండు పక్క జిరాక్సు కుర్రాడు
చివరి నలభై మాత్రమే తీసిచ్చాడు, ఇంకు అయిపోయిందట.
డబ్బులు మాత్రం మొత్తానికీ పట్టుకున్నాడు.

నేను దుభాషిని.
ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి ఎవరో దింపారు,
అక్కణ్ణుంచి కక్చికెల్‌లోకి నేను దింపాలి,
బస్సు టాపు మీది మొక్కజొన్న బస్తాలా
ఎక్కడా చిరగకుండా.

ఎవులాలియా షికాయ్ పొయ్యి దగ్గర కూర్చుంది.
తొమ్మిదేళ్ళ కిందట చొక్కా కాలర్లు కుట్టేది,
గంటకు నూట పది.
సంఘం కాగితం మీద సంతకం పెట్టిన మూడో పొద్దున
గేటు కాపలావాడి చేతిలో ఒక జాబితా.
నాలుగో పేరు ఆమెది.
రెండక్షరాలు తప్పు రాశారు. అయినా ఆమే.

"చట్టం మీరిన మాట నిజమేనంటున్నారు" అన్నాను.
తల ఊపింది. అటోల్ కలుపుతూనే ఉంది.
"నిన్ను తీసెయ్యడం తప్పు.
కోర్టు చెప్పినా మళ్ళీ పెట్టుకోకపోవడం ఇంకా తప్పు."
మళ్ళీ ఊపింది.
"కానీ..."
ఈ ఒక్క మాటకి మూడు భాషల్లోనూ ఒకటే తూకం.

"అదంతా వాణిజ్యాన్ని తాకే రీతిలో జరిగినట్టు
రుజువు కాలేదు."

మా భాషలో సంతకు మాటుంది, బేరానికుంది,
తక్కెడ కింద మైనం అంటించడానికీ ఉంది.
ఓడెక్కిన వాణిజ్యానికి ఏ మాట వాడను?
తడుముకుని తడుముకుని అన్నాను:
"నీకు తగిలిన దెబ్బ
చొక్కా ధరకు తెలియలేదట."

గరిటె ఆగింది.
లేచి లోపలికెళ్ళి, ఉప్పు డబ్బా వెనకనుంచి
గుడ్డముక్క ఒకటి తెచ్చింది.
నీలి చారల కాలరు, సగం కుట్టినది,
ఇంకా సూది గుచ్చే ఉంది.

"నన్ను బయటికి లాగినప్పుడు చేతిలో ఉన్నది ఇదే.
అంటే ఒక చొక్కా మెడ లేకుండా ఓడెక్కి ఉండాలి కదా?
అక్కడెవరో దాన్ని కొని, తొడుక్కుని,
అద్దంలో చూసుకుని ఉండాలి కదా?
వాళ్ళనడిగారా?"

నలభై పేజీలూ తిరగేశాను.
ఎవరూ అడగలేదు.
ముందు పేజీల్లో ఉందేమో నాకు తెలీదు.

చీకటిపడ్డాక ఒడీలియా వచ్చింది, రెండో షిఫ్టు దిగి,
జుట్టునిండా దూది నలుసులు.
జాకెట్టులోంచి మడత కాగితం తీసింది.
సంఘానికి ఇరవై మంది కావాలి,
పదిహేడయ్యాయి.
పేర్లు సరిగా రాశారో లేదో
ఒక్కొక్క అక్షరం నా చేత చదివించింది.

అటోల్ అడుగంటింది.
అయినా ముగ్గురం తాగాం.