నమిలే నీళ్ళు

హాగెన్‌లైటెలో ప్రతి కెటిల్ అడుగునా సముద్రం ఉంటుంది.
సముద్రం కాదు, దాని ఎముకలు.
మనిషి పుట్టకముందు ఇక్కడ ఉప్పునీళ్ళు నిలిచి
గవ్వలూ నత్తలూ ఒకదాని మీదొకటి పడి చచ్చి
రాయయ్యాయి.
వాన ఆ రాతిలోంచి తీరిగ్గా దిగుతుంది
కొంచెం కొంచెం నాక్కుంటూ.
మేం కొళాయి తిప్పుతాం.

ఇరవై ఆరేళ్ళుగా వాషింగ్ మెషిన్లు బాగుచేస్తున్నాను.
వీధి పేరు చెబితే చాలు
హీటర్ రాడ్ మీద ఎంత మందాన సున్నముందో
మూత తియ్యకుండా చెబుతాను.
సుత్తితో మెల్లగా తడితే
పెంకులు పెంకులుగా రాలుతుంది.
పని నేర్చుకునే ఎమ్రే వాటిని ఏరి
జామ్ సీసాల్లో పోస్తాడు, పైన ఇంటి నంబరు రాసి.
ఎందుకురా అంటే నవ్వుతాడు.

ఫ్రౌ ష్టెక్లర్ షవర్‌కి నలభై కన్నాలు, పారేవి పదకొండు.
వాటిలో రెండు గోడకి స్నానం చేయిస్తాయి.
శనివారం శనివారం దాన్ని వెనిగర్‌లో నానేస్తుంది,
ఆ పూట మెట్లన్నీ ఊరగాయ వాసన.
పై అంతస్తు హెడ్విగ్ పప్పు పొయ్యి మీద పెట్టి
చర్చికి వెళ్ళి, ప్రసంగం విని, కబుర్లాడి వస్తుంది.
పలుకు పలుకే.
ఈ ఊళ్ళో ఎవరి పప్పులూ ఉడకవు,
మేయరువి తప్ప.

మార్చిలో నీటి శాఖ నుంచి రోస్విత వచ్చింది
గాజు గొట్టం, చుక్కల మందు పట్టుకుని.
ఎర్రనీళ్ళు పచ్చబడేదాకా ఒక్కో చుక్కా.
పిల్లలు చుట్టూ చేరి గట్టిగా లెక్కపెట్టారు:
పద్దెనిమిది
పంతొమ్మిది
ఇంకా ఎరుపే
ఇరవై మూడు
ఇరవై నాలుగు దగ్గర పచ్చబడింది.
ఎవరో చప్పట్లు కొట్టారు, ఏదో గెలిచినట్టు.

ఫైర్ స్టేషన్ హాల్లో సమావేశం.
నీళ్ళు మెత్తబరిచే కేంద్రం కడదామా వద్దా,
బిల్లు ఎంత పెరుగుతుంది, ఉప్పెక్కువైతే గుండెకి మంచిదేనా.
బెర్టోల్ట్ ఏమీ మాట్లాడలేదు.
కొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచి
మోచేతి మడత చూపించాడు.
ఎండిన చెరువు అడుగులా ఉంది.
అప్పుడు అందరూ నావైపు తిరిగారు:
నువ్వు చెప్పు, యంత్రాలు తెలిసినవాడివి.

నీళ్ళు నమిలాను.
మా నీళ్ళు నమలడానికి వీలైనవే.
వ్యాను కిస్తీలు, అమ్మాయి పళ్ళకి కట్టిన తీగ,
ఆ యేడు క్రొయేషియాలో పది రోజులు,
అన్నీ సున్నం కొనిపెట్టినవే.
నా చెయ్యి సగమే లేచింది.
లెక్కపెట్టే అమ్మాయి దాన్ని ఒకటని రాసుకుంది.
నా బతుక్కి నేనే నీళ్ళొదలడమంటే
అక్షరాలా అది.

రెండేళ్ళ తర్వాత, నవంబరులో కొత్త నీళ్ళు.
చేతులు కడిగితే సబ్బు పోదు.
పోయింది, కానీ పోయినట్టుండదు.
మూడోసారి కడిగి చూసుకున్నాను, దొంగలా.
హెడ్విగ్ పప్పు చర్చి గంట ఆగకముందే
గుజ్జైపోయిందట, నామీదే విసుక్కుంది.
బెర్టోల్ట్ కొడుకు పొట్టి చేతుల చొక్కాలో
చలికి వణుకుతూ బడికి పోతున్నాడు.
వాళ్ళమ్మ కోటు పట్టుకుని వెనకాల పరుగు.

ఫోన్ మోగడం తగ్గింది.
ఎమ్రే హీట్ పంపుల కంపెనీలో చేరాడు.
వెళ్తూ సీసాలన్నీ పట్టుకెళ్ళి
ఒకటి మాత్రం బల్ల మీద వదిలాడు.
పైన మా ఇంటి నంబరు.
ఎప్పుడు తీశాడో తెలీదు.
మూత తీసి ఒక పెంకు నాలిక మీద పెట్టుకున్నాను.
రుచేం లేదు.
కాసేపటికి కాస్త చల్లగా అనిపించింది.

గ్లాసు కడిగి బోర్లించాను.
పొద్దున్న చూస్తే దాని మీద ఒక్క మచ్చ లేదు,
అందులో ఎప్పుడూ ఎవరూ
నీళ్ళు తాగనట్టు.